స్వచ్ఛధ్వని సాధకుడు

వేసవి సాయంత్రాలలో ఎక్కడో దూరాన ఆకాశంలో మెరుపు మెరిస్తే ఇంట్లోని మీడియం వేవ్ రేడియో ఫెళఫెళమనడం పాతతరం శ్రోతలందరికీ అనుభవమే. వార్తలు చదివేవారి కంఠం ఆ గరగరలో మునిగి తేలుతూ ఉండేది. కచేరీ వింటున్నవారు ఆ రణగొణలో నుండి వీణానాదాన్ని ఏరుకొని వినవలసి వచ్చేది. ఎఫ్.ఎం. రేడియోకు ఈ బాధ దాదాపు లేదు. బయట ఉరుము ఉరిమినా లోపల పాట చెదరదు. మనదేశంలో ఎఫ్.ఎం. ప్రసారాలు 1977లో మద్రాసులో ప్రారంభమయ్యాయి. అప్పటికే ఆ పద్ధతి పుట్టి నలభై సంవత్సరాలు దాటింది. దానిని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు కన్నుమూసి ఇరవై మూడేళ్ళు గడిచాయి. ఆయన పేరు ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. సంగీతాన్ని యంత్రం ద్వారా విన్నా ఎదుట కూర్చొని విన్నట్లే ఉండాలని కోరుకొనే హైఫై ప్రియులకు ఆయన పూజనీయుడు. ఆయనతో వ్యవహరించిన న్యాయవాదులకు, కంపెనీల అధిపతులకు మాత్రం ఆయన కొరుకుడుపడని మనిషి.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబరు 18న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ ఒక ప్రసిద్ధ ఆంగ్ల ప్రచురణ సంస్థకు చెందిన అమెరికా శాఖలో ఉద్యోగి. తల్లి ఎమిలీ వివాహానికి పూర్వం ఉపాధ్యాయినిగా పనిచేసింది. ఎనిమిదేళ్ళ వయస్సులో బాలునికి జబ్బు చేసింది. కీళ్ళవాతపు జ్వరం వెంట వచ్చిన ఆ నరాల వ్యాధి వల్ల అవయవాలు తమంత తాము అదిరేవి. రెండేళ్ళపాటు బడికి పంపకుండా ఇంటివద్దనే చదువు చెప్పించారు. వ్యాధి తగ్గింది కాని భుజం, దవడ ఎగిరిపడే లక్షణం జీవితాంతం మిగిలిపోయింది. మనస్సు కలత చెందినప్పుడల్లా అది ఎక్కువయ్యేది. ఒంటరిగా గడిపిన ఆ బాల్యం వల్లనే కావచ్చు, గంటల తరబడి ఒకే వస్తువు ముందు కూర్చొని దాని మర్మం తెలుసుకొనేదాకా లేవని స్వభావం ఆయనకు చిన్ననాడే అలవడింది.

1902లో ఆ కుటుంబం హడ్సన్ నది ఒడ్డున ఉన్న యాంకర్స్ పట్టణానికి మారింది. అక్కడ మేడపై గది ఆ బాలుని ప్రయోగశాల అయింది. మార్కోనీ సాధించిన విజయాలను గూర్చి చదివి, తానూ ఆవిష్కర్తనే కావాలని అతడు నిశ్చయించుకొన్నాడు. తీగలేని తంతి వార్తలు ఆ రోజుల్లో అతి బలహీనంగా వినిపించేవి. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని ఊపిరి బిగబట్టి వింటే తప్ప అందేవి కావు. ఎత్తైన స్తంభం ఉంటే సంకేతాలు మెరుగ్గా అందుతాయని తలచి, 1910లో ఇంటి ఆవరణలో 125 అడుగుల స్తంభాన్ని స్వయంగా నిలబెట్టాడు. తాళ్ళ సాయంతో వేలాడే పలకపై కూర్చొని ఒక్కడే పైదాకా ఎక్కేవాడు. ఎత్తులంటే ఆయనకు భయం లేకపోగా ఒక విధమైన మోహం ఉండేది. ఆ మోహం తరువాతి కాలంలో ఆయనకు కొంత చేటు కూడా చేసింది.

1909లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థిగా చేరాడు. ఎర్రని మోటారు సైకిలుపై రోజూ యాంకర్స్ నుండి కళాశాలకు వచ్చేవాడు. అక్కడ మైకేల్ ప్యూపిన్ అనే ప్రఖ్యాత ఆచార్యుడు ఆయనకు గురువు. పుస్తకంలో ఉన్నంత మాత్రాన దేనినీ నమ్మని ఈ శిష్యుడు కొందరు అధ్యాపకులకు తలనొప్పిగా తయారయ్యాడు. ప్యూపిన్ మాత్రం అతనిలోని ప్రతిభను గుర్తించాడు.

అప్పటికి కొద్ది సంవత్సరాల క్రితం, 1906లో, లీ డి ఫారెస్ట్ అనే ఆవిష్కర్త ఆడియాన్ అనే శూన్యనాళికను తయారుచేశాడు. గాజుబుడ్డిలో మూడు లోహభాగాలున్న ఆ పరికరం బలహీన సంకేతాలను పసిగట్టగలదు. అయితే అది ఎలా పనిచేస్తుందో తయారుచేసినవానికే సరిగా తెలియదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని ముందు పెట్టుకొని కొలతలు తీశాడు. నాళిక నుండి వెలువడిన సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి అదే నాళిక లోపలికి పంపితే ఏమవుతుందన్న ఆలోచన ఆయనకు 1912లో కలిగింది. అలా పంపిన సంకేతం మళ్ళీ బలపడి వస్తుంది. మళ్ళీ లోపలికి పోయి మరింత బలపడుతుంది. ఈ ఆవృత్తం క్షణంలో అసంఖ్యాకంగా జరగడం వల్ల చీమ నడిచినంత సవ్వడి పెద్ద ధ్వనిగా మారిపోయింది. హెడ్‌ఫోన్‌లో తప్ప వినిపించని సంకేతాలు గదంతా మారుమ్రోగాయి. అంతేకాదు, ఆవృత్తాన్ని ఒక హద్దు దాటిస్తే ఆ నాళికయే స్వయంగా తరంగాలను పుట్టించసాగింది. అంటే అదే వలయం గ్రాహకంగానూ ప్రసారిణిగానూ ఉపయోగపడుతుంది. నాటి విద్యార్థికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు.

పేటెంటుకు డబ్బు కావాలి. పట్టా పుచ్చుకొనేదాకా పైకం ఇవ్వనని తండ్రి పట్టుబట్టాడు. చేసేది లేక 1913 జనవరి 31న తన వలయపు చిత్రాన్ని గీసి, దానిపై నోటరీ సంతకం చేయించి దాచుకొన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో దరఖాస్తు పెట్టగా 1914 అక్టోబరులో పేటెంటు లభించింది. ఇంతలో డి ఫారెస్ట్ ఆ ఆవిష్కరణ తనదేనని, 1912లోనే తన సహాయకుని నోటుపుస్తకంలో అటువంటి వలయం నమోదయిందని వాదానికి దిగాడు. అక్కడ మొదలైన వ్యాజ్యం ఇరవై సంవత్సరాలు సాగింది.

ఈ వ్యాజ్యం కథ చెప్పుకొనేముందు ఒక రాత్రిని గూర్చి చెప్పుకోవాలి. 1914 జనవరి 30. న్యూజెర్సీ తీరంలోని బెల్మార్ అనే చోట మార్కోనీ కంపెనీ కేంద్రం ఉండేది. అక్కడ ఒక గుడిసెలో, గడ్డకట్టే చలిలో, ఆర్మ్‌స్ట్రాంగ్ తన గ్రాహకాన్ని ఆ కంపెనీ ఉద్యోగి ఒకరికి ప్రదర్శించి చూపాడు. ఆ ఉద్యోగి డేవిడ్ సార్నాఫ్. రష్యా సామ్రాజ్యంలోని ఒక పేద యూదు కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే అమెరికాకు వచ్చి, పత్రికలమ్మి, తంతి పని నేర్చి పైకి వచ్చినవాడు. ఇద్దరూ తెల్లవారేదాకా కూర్చొని ఐర్లండు, జర్మనీ, హోనొలూలూల నుండి వస్తున్న సంకేతాలను విన్నారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. ఆనాడు కుదిరిన స్నేహం రెండు దశాబ్దాలు నిలిచింది. సార్నాఫ్ తరువాత ఆర్.సి.ఎ. అనే మహాసంస్థకు అధినేత అయ్యాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితంలో ఇంతటి ఆప్తుడు లేడు, ఇంతటి శత్రువూ లేడు.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రవేశించగానే ఆర్మ్‌స్ట్రాంగ్ సైన్యంలోని సిగ్నల్ విభాగంలో అధికారిగా పారిస్ వెళ్ళాడు. శత్రు విమానాల ఇంజన్ల నుండి వెలువడే సూక్ష్మ తరంగాలను పట్టుకోగలిగితే విమాన విధ్వంసక ఫిరంగులకు గురి కుదురుతుంది గదా అని ఆలోచించాడు. అంతటి అధిక పౌనఃపున్యం గల తరంగాలను నాటి నాళికలు బలపరచలేవు. అందుచేత వచ్చే తరంగాన్ని ముందుగా ఒక స్థిరమైన తక్కువ పౌనఃపున్యానికి దించి, అక్కడ దానిని బలపరచే మార్గాన్ని 1918లో రూపొందించాడు. అదే సూపర్ హెటిరోడైన్. విమానాల మాట అటుంచితే, తరువాత ప్రపంచంలో తయారైన రేడియోలు, టెలివిజన్లు, రాడార్లు ఈ సూత్రంపైనే నడిచాయి. అయితే ఫ్రాన్సు దేశస్థుడైన లూసియన్ లెవీకి ఇదే ఆలోచన ముందుగా తట్టిందని తేలి, పేటెంటు హక్కులలో అధికభాగం అతని పక్షానికే పోయింది. పనికివచ్చే యంత్రంగా మలచింది తానే అయినా, కాగితం మీద విజయం ఇతరులకు దక్కడం ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఇదొక్కసారే జరిగింది కాదు.

యుద్ధానంతరం ఆయన ధనవంతుడయ్యాడు. తొలి పేటెంట్లను వెస్టింగ్‌హౌస్ కంపెనీ కొన్నది. 1922లో మరొక ఆవిష్కరణకు ఆర్.సి.ఎ. రెండు లక్షల డాలర్లు, 60,000 వాటాలు ఇచ్చింది. ఆ సంస్థలో వ్యక్తిగతంగా అత్యధిక వాటాలు గలవాడు ఆయనే అయ్యాడు. కొలంబియాలో పరిశోధన చేస్తూనే జీతం తీసుకొనేవాడు కాదు. సార్నాఫ్ కార్యాలయంలో కార్యదర్శినిగా ఉన్న మేరియన్ మెకిన్నిస్‌ను ప్రేమించాడు. 1923 మేలో న్యూయార్క్‌లో ఒక ఎత్తైన భవనం పైనున్న ఆర్.సి.ఎ. ప్రసార స్తంభం కొనదాకా ఎక్కి, అక్కడ విన్యాసాలు చేసి, ఆ ఫోటోలను ఆమెకు పంపాడు. వీధి నుండి నాలుగువందల అడుగుల పైచిలుకు ఎత్తు అది. సార్నాఫ్‌కు మాత్రం ఇది నచ్చలేదు. ఆయన మండిపడ్డాడు. ఆ ఏడాది డిసెంబరు 1న వివాహం జరిగింది. పెళ్ళికానుకగా వరుడు వధువుకు తాను నిర్మించిన సూపర్ హెటిరోడైన్ రేడియో సెట్టునిచ్చాడు. చేతితో మోసుకుపోగల అటువంటి సెట్టు అంతకుముందు లేదు.

ఇక వ్యాజ్యం సంగతి. 1921లో న్యాయస్థానం ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అనుకూలంగా తీర్పిచ్చింది. మరుసటి సంవత్సరం పై న్యాయస్థానమూ దానిని సమర్థించింది. డి ఫారెస్ట్ అప్పులలో ఉన్నాడు. నష్టపరిహారం వదులుకొంటే తుది తీర్పు నమోదై వ్యవహారం శాశ్వతంగా ముగిసిపోతుందని న్యాయవాదులు నచ్చజెప్పారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకోలేదు. తన ఆవిష్కరణను అపహరింపజూసినవాడు మూల్యం చెల్లించి తీరవలసిందేనన్నాడు. అంతటితో ఆగక, యాంకర్స్‌లోని తన స్తంభంపై పేటెంటు సంఖ్య రాసిన జెండానొకటి ఎగురవేశాడు. అది డి ఫారెస్ట్ ఇంటికి కనబడేది. గెలిచినవాడు చూపవలసిన ఔదార్యం ఇక్కడ లోపించిందనక తప్పదు. ఆ లోపానికి ఆయన చెల్లించిన వెల చాలా ఎక్కువ. తుది తీర్పు నమోదు కాకపోవడంతో ప్రత్యర్థికి ఊపిరాడింది. పేటెంటు కార్యాలయం ద్వారా మరొక దారిలో వ్యాజ్యం మళ్ళీ తలెత్తి, 1924లో వాషింగ్టన్ న్యాయస్థానంలో డి ఫారెస్ట్ గెలిచాడు. అక్కడి నుండి కోర్టు కోర్టుకూ తిరిగి, చివరకు 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షానే నిలిచింది. ఆ తీర్పులో శాస్త్ర విషయం సరిగా అర్థం చేసుకోలేదని ఇంజనీర్లలో చాలామంది అభిప్రాయం.

ఆ ఆవిష్కరణకు గాను రేడియో ఇంజనీర్ల సంస్థ 1917లోనే ఆయనను గౌరవ పతకంతో సత్కరించింది. ఆ సంస్థ ఇచ్చిన మొట్టమొదటి పతకం అదే. 1934 మే నెలలో తీర్పు వెలువడిన కొద్దిరోజులకు ఆ సంస్థ సమావేశం జరిగింది. పతకాన్ని తిరిగి ఇచ్చివేయాలని ఆర్మ్‌స్ట్రాంగ్ దానితో అక్కడికి వెళ్ళాడు. ఆయన నోరు విప్పేలోగానే అధ్యక్షుడు లేచి, పతకం ఆయనకే చెందుతుందని పాలకవర్గం ఏకగ్రీవంగా నిర్ణయించినట్లు ప్రకటించాడు. సభలోనివారంతా లేచి నిలబడి కరతాళ ధ్వనులు చేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పతకంతోనే ఇల్లు చేరాడు.

కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఆయన తన జీవితంలోకెల్ల గొప్ప పని సాధించాడు. రేడియోలో వినిపించే గరగరను నిర్మూలించడం ఎలా అన్నది నాటి ఇంజనీర్లందరికీ అంతుపట్టని సమస్య. ఆ గరగరను తీసివేసే చిన్న పెట్టె ఏదైనా చేసి ఇవ్వమని సార్నాఫ్ కూడా అడిగాడు. సమస్య మూలం ఇది. అప్పటి ఎ.ఎం. పద్ధతిలో తరంగపు ఎత్తును మాటకు, పాటకు అనుగుణంగా హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటారు. మెరుపులు, విద్యుత్ మోటార్లు పుట్టించే అలజడి కూడా తరంగపు ఎత్తునే మార్చుతుంది. ఏది పాటో ఏది అలజడో రేడియో సెట్టు వేరుచేయలేదు. పాలలో నీరు కలిసినట్లు రెండూ కలిసిపోతాయి.

తరంగపు ఎత్తును ముట్టకుండా, క్షణానికి ఎన్నిసార్లు కంపిస్తుందన్న సంఖ్యను, అంటే పౌనఃపున్యాన్ని, పాటకు అనుగుణంగా మార్చితే ఎలా ఉంటుంది? ఆ ఊహ కొత్తది కాదు. కాని అందరూ ఆ మార్పును వీలైనంత ఇరుకైన హద్దులో ఉంచజూశారు. హద్దు ఇరుకైతే అలజడికి తావు తక్కువని వారి తర్కం. అలా చేస్తే ప్రయోజనం లేదని జాన్ కార్సన్ అనే గణితవేత్త 1922లో నిరూపించాడు. దానితో ఆ దారి మూసుకుపోయిందని లోకం భావించింది. గణితాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ ఎన్నడూ సంపూర్ణంగా నమ్మలేదు. కొలతలనే నమ్మాడు. ఏళ్ళతరబడి వందలాది నాళికలను బల్లలపై పరచుకొని, అనేక వేల కొలతలు తీసి, అందరి తర్కానికీ ఎదురు నడిచాడు. హద్దును తగ్గించడానికి బదులు విశాలం చేశాడు. ఎ.ఎం. కేంద్రానికి 10 కిలోహెర్ట్‌జ్‌ల చోటు చాలితే, ఆయన ఎఫ్.ఎం.కు 200 కిలోహెర్ట్‌జ్‌ల చోటు కావలసి వచ్చింది. గ్రాహకంలో తరంగపు ఎత్తులోని హెచ్చుతగ్గులన్నింటినీ ముందే కోసివేసి, పౌనఃపున్యంలోని మార్పును మాత్రమే తీసుకొనే ఏర్పాటు చేశాడు. మెరుపు చేయగలిగినదల్లా ఎత్తును మార్చడమే గనుక, ఆ కోతతో దాని ప్రభావం చాలవరకు పోయింది.

చోటు విశాలం కావడం వల్ల మరొక లాభం కలిగింది. ఎ.ఎం. సెట్టులో సుమారు 5,000 హెర్ట్‌జ్‌లు దాటిన స్వరభాగాలు వినబడడం అరుదు. మంజీర నాదంలోని తళుకు, వయొలిన్ కమాను తీగపై రాసుకొనే సవ్వడి అక్కడే రాలిపోతాయి. ఎఫ్.ఎం.లో 15,000 హెర్ట్‌జ్‌ల వరకు ధ్వని చేరుతుంది. మానవ శ్రవణశక్తి హద్దు ఇరవై వేల దరిదాపులలో ఉంటుంది గనుక ఇది స్వల్పమైన మెరుగుదల కాదు.

1933లో ఈ విధానానికి పేటెంట్లు లభించాయి. మొదట చూపింది సార్నాఫ్‌కే. ఆయన అడిగింది చిన్న పెట్టెను. మిత్రుడు తెచ్చి ముందు పెట్టింది ఒక కొత్త ప్రసార వ్యవస్థను. దానిని అంగీకరిస్తే ఆర్.సి.ఎ. అప్పటికే కోట్లు వెచ్చించిన ఎ.ఎం. కేంద్రాలూ సెట్లూ పాతబడిపోతాయి. అయినా 1934లో ఎంపైర్ స్టేట్ భవనంపై పరీక్షలకు అనుమతి లభించింది. ఉరుములతో కూడిన వానలో ఎ.ఎం. సెట్టు ఘోషిస్తుంటే, పక్కనే ఎఫ్.ఎం. నిశ్చలంగా సంగీతాన్ని వినిపించింది. 1935లో ఆ స్థలం టెలివిజన్ పరిశోధనకు కావాలని, పరికరాలు తీసివేయమని ఆర్.సి.ఎ. కోరింది. సార్నాఫ్ దృష్టి అప్పటికే టెలివిజన్‌పై ఉంది. వ్యాపారిగా అది తప్పని చెప్పలేము. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం దానిని మిత్రద్రోహంగానే గ్రహించాడు.

ఆ ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభ జరిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ పత్రం చదివాడు. ఆయన వక్త కాడు. తడబాటు లేకున్నా ఉత్సాహమూ లేని కంఠంతో సాంకేతిక విషయాలు వివరించాడు. పత్రం మధ్యలో, ముందుగా చెప్పకుండా, వేదికపై ఉన్న గ్రాహకాన్ని తిప్పాడు. క్షణంపాటు పరిచిత ఘోష వినిపించి, సరైన స్థానం చేరగానే మటుమాయమైంది. గదిలో పరుచుకొన్న ఆ నిశ్శబ్దానికి సెట్టు చెడిపోయిందనుకొన్నవారున్నారు. అంతలో యాంకర్స్‌లోని మిత్రుని ఇంటి నుండి స్వచ్ఛమైన కంఠం వినిపించింది. ఆ మిత్రుడు గ్లాసులోకి నీళ్ళు వంచాడు. కాగితం నలిపాడు. నీరు నీరుగా, కాగితం కాగితంగా వినిపించాయి. రేడియోలో అప్పటిదాకా ఇటువంటి శబ్దాలను వేరుగా గుర్తించడం సాధ్యమయ్యేది కాదు. కొన్ని నిమిషాలలో ముగిసిన ఆ ప్రదర్శనను హైఫై చరిత్రలో తొలి ఘట్టాలలో ఒకటిగా లెక్కించవచ్చు.

కంపెనీలు ముందుకు రాకపోవడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ తన సొంత ధనాన్ని పణంగా పెట్టాడు. హడ్సన్ నదికి ఆవలి ఒడ్డున, న్యూజెర్సీలోని ఆల్పైన్ వద్ద ఎత్తైన గట్టుపై నాలుగువందల అడుగులు దాటిన స్తంభం నిర్మించాడు. మూడు భుజాలు చాచిన ఆ ఉక్కు స్తంభాన్ని నిర్మాణంలో ఉండగా ఆయన స్వయంగా ఎక్కి పరిశీలించేవాడు. మూడు లక్షల డాలర్లకు పైగా వ్యయమైంది. 1939 నాటికి ఆ కేంద్రం పూర్తి శక్తితో ప్రసారాలు చేసింది. విన్నవారు విడిచిపెట్టలేదు. 1940లో ప్రభుత్వ ప్రసార సంఘం ఎఫ్.ఎం.కు 42 నుండి 50 మెగాహెర్ట్‌జ్‌ల స్థానం కేటాయించింది. 1941 జనవరి 1 నుండి వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాయి. సెట్ల తయారీదారులు ఆయనకు రాయల్టీ చెల్లించసాగారు. ఆర్.సి.ఎ. మాత్రం పది లక్షల డాలర్లు ఒకేసారి తీసుకొని శాశ్వత హక్కు ఇమ్మని కోరింది. చిన్న కంపెనీలన్నీ అమ్మకాలపై శాతం చెల్లిస్తుండగా పెద్ద కంపెనీకి వేరే నియమం పెట్టడం న్యాయం కాదని ఆయన నిరాకరించాడు. డబ్బు కోసమే అయితే ఆ మొత్తం తీసుకొని ఉండవలసింది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో తన ఎఫ్.ఎం. పేటెంట్లను అమెరికా సైన్యానికి రాయల్టీ లేకుండా ఇచ్చాడు. యుద్ధం ముగుస్తుండగా పెద్ద దెబ్బ తగిలింది. 1945లో ప్రసార సంఘం ఎఫ్.ఎం.ను పాత స్థానం నుండి 88-108 మెగాహెర్ట్‌జ్‌లకు మార్చింది. జనం కొన్న లక్షలాది సెట్లు ఒక్క ఉత్తరువుతో మూగబోయాయి. కేంద్రాల పరికరాలూ మార్చవలసి వచ్చింది. సూర్యబింబంపై మచ్చల ప్రభావం వల్ల పాత స్థానంలో అంతరాయం కలుగుతుందని సంఘపు ఇంజనీర్లు కారణం చెప్పారు. ఆ లెక్కలు తప్పని ఆర్మ్‌స్ట్రాంగ్ వాదించాడు. ఇది సార్నాఫ్ పన్నిన కుట్ర అని ఆయన అభిమానులు చాలాకాలం నమ్మారు. చరిత్రకారులందరూ దీనితో ఏకీభవించరు. నేడు మనదేశంలో ఎఫ్.ఎం. కేంద్రాలు ఉన్నది ఆ 88-108 మధ్యనే గదా. స్థానం మంచిదే కావచ్చు, మారిన సమయం మాత్రం ఆ పసికందుకు ప్రాణాంతకం కాబోయింది.

ఆర్.సి.ఎ. తనదే అని చెప్పుకొన్న వేరొక ఎఫ్.ఎం. వలయంతో సెట్లు, టెలివిజన్లలోని ధ్వనివిభాగాలు తయారుచేసి అమ్మసాగింది. రాయల్టీ ఇవ్వలేదు. మరికొన్ని కంపెనీలు అదే దారి పట్టాయి. 1948 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ దావా వేశాడు. పేటెంట్ల గడువు 1950తో ముగియనుంది. కాలం ఎవరి పక్షాన ఉందో ఎదుటి న్యాయవాదులకు బాగా తెలుసు. వారు ఆయననే నెలల తరబడి ప్రశ్నించారు. కాగితాల మీద కాగితాలు కోరారు. విచారణ దశకు రాకుండానే సంవత్సరాలు దొర్లిపోయాయి. 1953లో సాక్ష్యమిస్తూ సార్నాఫ్, ఎఫ్.ఎం. అభివృద్ధికి ఆర్మ్‌స్ట్రాంగ్‌తో సహా ఎవరికన్నా తన సంస్థయే ఎక్కువ కృషి చేసిందని చెప్పాడు. బల్లకు ఎదురుగా కూర్చొన్న పాతమిత్రుడు ఆ మాటలు విన్నాడు. బెల్మార్ గుడిసెలో గడిపిన రాత్రి ఆ ఇద్దరిలో ఎవరికైనా జ్ఞాపకం వచ్చిందో లేదో.

రాయల్టీల రాబడి ఆగిపోయింది. న్యాయవాదుల ఖర్చులు ఆగలేదు. ఇంట్లో మాటలన్నీ వ్యాజ్యం చుట్టూనే తిరిగేవి. ఎంతకో అంతకు రాజీపడి, మిగిలిన జీవితం ప్రశాంతంగా గడుపుదామని మేరియన్ కోరింది. 1953 నవంబరులో ఒకనాడు ఆ ప్రస్తావనే పెరిగి కలహమైంది. ఆర్మ్‌స్ట్రాంగ్ పొయ్యి వద్ద ఉన్న ఇనుపకడ్డీతో భార్య చేతిపై కొట్టాడు. ముప్పై ఏళ్ళ సంసారంలో అది మన్నించరాని క్షణం. ఆమె ఇల్లు విడిచి తన సోదరి వద్దకు వెళ్ళిపోయింది. తోడు లేని ఆ ఇంట్లో ఆయన రెండు నెలలు గడిపాడు. చివరకు పశ్చాత్తాపం నిండిన ఉత్తరం భార్యకు రాసిపెట్టి, 1954 జనవరి 31 రాత్రి తన ప్రాణాలను తానే తీసుకొన్నాడు. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్ళు. తన మొదటి వలయపు చిత్రంపై నోటరీ సంతకం చేయించుకొన్నదీ జనవరి 31నే. సార్నాఫ్‌తో కలిసి సముద్రాల ఆవలి సంకేతాలు వింటుండగా బెల్మార్‌లో తెల్లవారిందీ జనవరి 31నే.

రాజీ కోరిన మేరియన్ భర్త మరణానంతరం పోరాటాన్ని విడిచిపెట్టలేదు. 1954 డిసెంబరులో ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లకు కొంచెం పైగా చెల్లించి దావా పరిష్కరించుకొంది. పద్నాలుగేళ్ళ క్రితం ఆయన కాదన్న మొత్తం ఇంచుమించు అంతే. మిగిలిన కంపెనీలపై ఆమె ఒక్కొక్క వ్యాజ్యమే నడిపించింది. కొందరు రాజీపడ్డారు, కొందరు ఓడిపోయారు. చిట్టచివరిదైన మోటరోలా కంపెనీపై 1967లో విజయం లభించింది. అప్పటికి ఆమె ఆ పనిలో పదమూడేళ్ళు గడిపింది. భర్త పక్షాన అన్ని వ్యాజ్యాలూ ముగిశాక ఓడిపోయినది ఒక్కటీ లేదు.

ఈలోగా 1955లో జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఆంపియర్, ఫారడే, బెల్, మార్కోనీల సరసన ఆర్మ్‌స్ట్రాంగ్ పేరును చేర్చింది. ఆయన చివరి సంవత్సరాలలో జాన్ బోస్ అనే సహచరునితో కలిసి, ఒకే ఎఫ్.ఎం. తరంగంపై ఒకటికి మించిన కార్యక్రమాలు పంపే పద్ధతిని ప్రదర్శించాడు. 1961లో అమెరికాలో స్టీరియో ఎఫ్.ఎం. ప్రసారాలకు అనుమతి రావడంతో, కచేరీలోని వాద్యాలు ఎడమ కుడి దిక్కుల నుండి వేర్వేరుగా ఇంటిలోనే వినిపించాయి. హైఫై సెట్లు కొనేవారు ట్యూనర్ అనే ప్రత్యేక ఎఫ్.ఎం. గ్రాహకాన్ని యాంప్లిఫయర్ పక్కన పెట్టుకోవడం ఆనవాయితీ అయింది. 1970 దశకం ముగిసేనాటికి అమెరికాలో ఎఫ్.ఎం. శ్రోతల సంఖ్య ఎ.ఎం. శ్రోతలను మించిపోయింది. 1979లో మేరియన్ కన్నుమూసింది.

ఆల్పైన్ స్తంభాన్ని ఎవరూ పడగొట్టలేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లోని ప్రపంచ వాణిజ్య కేంద్రపు భవనాలు కూలిపోయినప్పుడు, వాటి కొనపై నుండి నడిచే టెలివిజన్ కేంద్రాల ప్రసారాలు ఆగిపోయాయి. మళ్ళీ వెంటనే ప్రసారం సాగించడానికి ఎత్తైన చోటు కావలసి వచ్చింది. నదికి ఆవల, అరవై ఏళ్ళ క్రితం ఒక్క మనిషి సొంత డబ్బుతో నిర్మించిన ఆ మూడు భుజాల స్తంభం నుండి వాటిలో కొన్ని తిరిగి మాట్లాడసాగాయి.